పులికీ సింహానికీ మధ్య ఒక మిల్లీమీటరు

నేపథ్యం

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. గ్రంథాలయం బాధ్యత కూడా నాదే. గ్రంథాలయానికి మాకు ప్రత్యేకంగా గది లేదు. సైన్సు గదిలో ఒక పక్కగా నాలుగు స్టీలు రాక్‌లు, రెండు పొడవాటి బల్లలు, ఒక స్టాకు రిజిస్టరు, ఒక ఇష్యూ రిజిస్టరు ఉన్నాయి. ఒక్కో తరగతికి వారానికి ఒక గ్రంథాలయ పీరియడు ఉంటుంది. చాలా బడుల్లో ఆ పీరియడును సిలబస్ పూర్తి కాని ఉపాధ్యాయులు అడిగి తీసుకుంటారు. నేనూ కొన్నేళ్ళు అలాగే లెక్కలకు వాడుకున్నాను. ఒక అమ్మాయి దశాంశాలను ఎలా అర్థం చేసుకుందో చెప్పే ఈ కేసు తర్వాత ఆ పని మానేశాను.

కేసులోని అమ్మాయి ఏడో తరగతి. పేరు, ఊరు, ఇంటి వివరాలు రాయను. ‘పాప’ అంటాను. పాపను ఎవరూ వెనుకబడిన పిల్ల అనరు. వారానికి రెండు పుస్తకాలు తీసుకెళ్ళి, రెండూ చదివి తెచ్చేది. ఇష్యూ రిజిస్టరులో ఆ తరగతి పేజీ నిండా ఎక్కువగా కనబడే సంతకం తనదే. కూడికలు, తీసివేతలు నోటితో చేసేది. ఆరో తరగతిలో దశాంశాల పాఠం అయిపోయింది, పరీక్షలో మంచి మార్కులూ వచ్చాయి. ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం అదే. తప్పు మార్కుల చాటున ఏడాదిపాటు దాగి ఉంది.

సమస్య ఎలా బయటపడింది

ఏడో తరగతి మొదట్లో పాత పాఠాల మీద చిన్న పరీక్ష పెట్టాను. 0.8, 0.67, 0.756 లను ఆరోహణ క్రమంలో రాయమన్నాను. పాప 0.8, 0.67, 0.756 అని ప్రశ్నలో ఉన్నట్టే దించింది. చూసి రాయడంలో పొరపాటేమో అనుకుని పిలిచి అడిగాను.

“ఎనిమిది, అరవై ఏడు, ఏడు వందల యాభైఆరు. వరసగానే ఉన్నాయి కదా టీచర్.”

అజాగ్రత్త కాదని ఆ జవాబుతో తెలిసింది. తన దగ్గర ఒక సూత్రం ఉంది, దాన్ని నిక్కచ్చిగా పాటిస్తోంది. ఆ సూత్రం హద్దులు ఎక్కడివరకో తెలుసుకోవాలని మరికొన్ని జతలు ఇచ్చాను. 0.45, 0.38 లలో పెద్దది సరిగ్గా చెప్పింది. 3.12, 3.4 లలో 3.12 పెద్దదంది. 0.5, 0.50 లలో 0.50 పెద్దదంది. అంటే బిందువు తర్వాత అంకెల సంఖ్య సమానంగా ఉన్నంతవరకు తన జవాబులన్నీ ఒప్పే. ఆరో తరగతిలో నేనిచ్చిన ప్రశ్నపత్రం తీసి చూశాను. పోల్చమని ఇచ్చిన లెక్కల్లో దాదాపు అన్నీ రెండేసి దశాంశ స్థానాలవే. తప్పు సూత్రానికి పూర్తి మార్కులు వేసింది నేనే.

ఆ సూత్రం తనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న మీద ఒక వారం ఆలోచించాను, తరగతిలో మిగతా పిల్లలను కూడా అడిగాను. వాళ్ళు రోజూ చూసే బిందువులు చాలావరకు దశాంశ బిందువులు కావు. పుస్తకంలో ఒక శీర్షిక 1.9 అయితే తర్వాతది 1.10. అక్కడ పది తొమ్మిది కంటే పెద్దదే. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర ఓవర్లు. 19.5 తర్వాత ఇంకో బంతి పడితే 20. తేదీల్లో 14.11 అని రాస్తారు. వీటన్నిటిలో బిందువుకు అటొక పూర్ణ సంఖ్య, ఇటొక పూర్ణ సంఖ్య. పాప సూత్రం అక్కడ నూటికి నూరుపాళ్ళు పనిచేస్తుంది. పిల్ల ఊరికే తప్పు పట్టుకోలేదు, ఒక చోట సరైన దాన్ని ఇంకో చోటికి తెచ్చుకుంది. ఈ తేడా గుర్తించాకే నా బోధన దారి మారింది. కానీ ఆ లోపల రెండు ప్రయత్నాలు వృథా అయ్యాయి.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మొదటిది, అందరం చెప్పే చిట్కా: స్థానాలు సమానమయ్యేదాకా సున్నాలు చేర్చి పోల్చు. 0.800, 0.670, 0.756 అని రాసి చూపించాను. పాప వెంటనే పట్టుకుంది, ఆ వారం అన్నీ ఒప్పు చేసింది. మూడు వారాల తర్వాత అదే లెక్క మళ్ళీ ఇస్తే 0.008, 0.067, 0.756 అని రాసింది. సున్నాలు చేర్చింది, కాకపోతే ముందు చేర్చింది. ఆ పేజీని నేను చాలాసేపు చూశాను. తన దృష్టిలో బిందువు తర్వాత ఉన్నది ‘ఎనిమిది’ అనే మామూలు సంఖ్య. ఎనిమిదిని మూడు అంకెల్లో రాయాలంటే 008 అనే కదా రాస్తాం? నేనిచ్చిన చిట్కా తన పాత సూత్రాన్ని కదిలించలేదు. ఆ సూత్రమే చిట్కాను తనలో కలిపేసుకుంది.

రెండోది డబ్బు. 2.50 అంటే రెండు రూపాయల యాభై పైసలు, ఇది పిల్లలకు తెలుస్తుందనుకున్నాను. 2.5 అంటే ఎంత అని అడిగితే “రెండు రూపాయల ఐదు పైసలు” అంది. ఇప్పటి పిల్లలు పైసలను చేతితో పట్టుకుని ఎరగరు. పైసలు వాళ్ళకు రూపాయిలో భాగాలు కావు, రూపాయి పక్కన రాసే మరో సంఖ్య. అదీ గాక డబ్బులో బిందువు తర్వాత ఎప్పుడూ రెండే అంకెలు. మూడో అంకెకు అక్కడ అర్థం లేదు. “0.756 అంటే ఏడు వందల యాభైఆరు పైసలా టీచర్? అది ఏడు రూపాయలు దాటిపోతుంది కదా” అని తనే అడిగింది. మంచి ప్రశ్న. నా ఉదాహరణ ఎంతవరకు పనికొస్తుందో అంతవరకే తీసుకెళ్ళి, అది తెగిన చోట నన్ను ఆపింది. దశాంశాలు మొదలుపెట్టడానికి డబ్బును వాడకూడదని నేను అప్పుడే తీర్మానించుకున్నాను. తర్వాత వాడవచ్చు, మొదట వద్దు.

రాక్ దగ్గరికి

అదే సమయంలో గ్రంథాలయంలో వేరే పని నడుస్తోంది. మా పుస్తకాలన్నీ స్టాకు రిజిస్టరు నంబరు వరసలో ఉండేవి. ఏనుగుల పుస్తకం పక్కన నీతి పద్యాలు, దాని పక్కన కుట్టుపని. జిల్లా కేంద్ర గ్రంథాలయంలోని గ్రంథపాలకుడొకరు సాయం చేసి, జంతువుల పుస్తకాలకూ చరిత్ర పుస్తకాలకూ డ్యూయీ దశాంశ వర్గీకరణ ప్రకారం నంబర్లు వేసి ఇచ్చారు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన పద్ధతి ఇది. జ్ఞానమంతటినీ పది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్ళీ పది చేసి, మూడంకెల తర్వాత బిందువు పెట్టి అవసరమైనంత లోతుకు పోతుంది. 500 సైన్సు, 590 జంతువులు, 599 పాలిచ్చే జంతువులు.

వీపు మీద తెల్ల చీటీలు అతికించిన ఆ పుస్తకాల్లో పదింటిని చూస్తుంటే నా పరీక్ష ప్రశ్నే బల్ల మీద పరిచినట్టు అనిపించింది. గబ్బిలాలు 599.4. తిమింగలాలు 599.5. ఏనుగులు 599.67. మాంసాహార జంతువుల వర్గం 599.7. పిల్లి కుటుంబం 599.75. పులి 599.756. సింహం 599.757. నక్కలు, తోడేళ్ళు ఉండే కుక్క కుటుంబం 599.77. ఎలుగుబంటి 599.78. కోతులు 599.8. బిందువు తర్వాత ఒక అంకె, రెండంకెలు, మూడంకెలు, అన్నీ కలగలిసి ఉన్నాయి. ఇలాంటి కలగలుపు నా ప్రశ్నపత్రంలో ఎప్పుడూ లేదు.

మొదటి పీరియడులో పోటీ పెట్టాను. నలుగురేసి జట్లు, పది పుస్తకాలు, ఎవరు ముందు సర్దితే వాళ్ళు గెలిచినట్టు. అది నా పొరపాటు. ప్రతి జట్టులోనూ చేయి చురుకైన పిల్లవాడొకడు సర్దేశాడు, మిగతా ముగ్గురు పుస్తకాలు అందించారు. ఎవరు ఏమనుకుంటున్నారో నాకు ఒక్క ముక్క తెలియలేదు. వేగం కావాలన్నప్పుడు పిల్లలు ఆలోచన బయటికి చెప్పరు. రెండో వారం నుంచి పోటీ తీసేసి, ఒక్కొక్కరిని విడిగా సర్దమని, సర్దుతూ నోటితో కారణం చెప్పమన్నాను.

పాప ఇలా సర్దింది: గబ్బిలాలు, తిమింగలాలు, మాంసాహార జంతువులు, కోతులు, ఏనుగులు, పిల్లి కుటుంబం, కుక్క కుటుంబం, ఎలుగుబంటి, పులి, సింహం. అంటే 4, 5, 7, 8, 67, 75, 77, 78, 756, 757.

నేను సరిదిద్దలేదు. రాకే సరిదిద్దుతుందని నమ్మాను. తప్పు చోట పెట్టిన పుస్తకం దొరకదు, దొరకనప్పుడు పిల్లలే ఎందుకని వెతుకుతారు అనేది నా లెక్క. అందుకే ఇంకో పిల్లవాడికి 599.8 అని రాసిన చీటీ ఇచ్చి, ఆ పుస్తకం తెమ్మన్నాను. అతను నేరుగా వెళ్ళి, 599.7 పక్కన చేయి పెట్టి, కోతుల పుస్తకం తీసుకొచ్చాడు. పట్టుమని పది సెకన్లు పట్టలేదు.

అతనిదీ అదే సూత్రం. తరగతిలో సగానికి పైగా పిల్లలది అదే. పెట్టిన వాళ్ళు, వెతికిన వాళ్ళు ఒకే తప్పు నియమం పాటిస్తే గ్రంథాలయం చక్కగా నడుస్తుంది. పుస్తకాలు దొరుకుతాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. తప్పు వరస కూడా ఒక వరసే. ‘నిజజీవిత కార్యకలాపం’ అని మనం పేరు పెట్టే వాటిలో చాలా వాటికి ఈ గుణం ఉంది: పని జరిగిపోతుంది, గణితం మాత్రం జరగదు. ఈ కేసులో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన సంగతి ఇదే.

పిల్లికి దూరమైన పులి

ఆ సాయంత్రం నేను సర్దుబాటును అలాగే ఉంచి వెళ్ళాను. మర్నాడు మధ్యాహ్న భోజనం తర్వాత పాప పుస్తకం మార్చుకోవడానికి వచ్చింది. పులి పుస్తకం తీసి పేజీలు తిప్పి, మళ్ళీ పెట్టబోతూ ఆగింది.

“టీచర్, పులి పిల్లి జాతే కదా. మరి పిల్లికీ పులికీ మధ్య నక్క, ఎలుగుబంటి ఎందుకున్నాయి?”

ఈ ప్రశ్న లెక్కలు తెలిసినందువల్ల రాలేదు, పుస్తకాలు చదివినందువల్ల వచ్చింది. నోటుబుక్కులో 0.75, 0.756 అని రాస్తే ఆ రెండూ దగ్గరి చుట్టాలన్న అనుమానం తనకు ఏనాటికీ రాదు. నేను జవాబు చెప్పకుండా పది పుస్తకాల పేర్లూ నంబర్లూ బోర్డు మీద రాసి, “ఎవరు ఎవరి ఇంట్లో వాళ్ళో చూడు” అన్నాను. కాసేపటికి తనే గీతలు గీసింది. 599.7 అనే ఇంట్లో 599.75 అనే గది, ఆ గదిలో 599.756 అనే మూల. ప్రతి అంకె అంతకుముందున్న దాన్ని పది భాగాలు చేస్తుంది. ఎడమ నుంచి కుడికి వెళ్ళేకొద్దీ స్థానం విలువ పెరగదు, ఇల్లు ఇరుకవుతుంది. ఈ మాట తనదే: “లోపలికి పోయేకొద్దీ చిన్న గది.”

పుస్తకాలు తిరిగి సర్దింది. ఈసారి వరస సరిగ్గా వచ్చింది. ఏనుగు మాంసాహార జంతువుల ముందుకొచ్చింది, పులి, సింహం పిల్లి పక్కకు చేరాయి, కోతులు చివరికి వెళ్ళాయి.

ఇక్కడ ఆగిపోయి ఉంటే కేసు బాగా ముగిసినట్టే కనబడేది. నేను ఆగకపోవడానికి కారణముంది. ఈ వరసను అంకెల విలువ తెలియకుండా కూడా సాధించవచ్చు. నిఘంటువులో మాటలు వెతికినట్టు, మొదటి అక్షరం చూసి, అది సమానమైతే రెండోది చూసి, అలా పోతే చాలు. ‘కమలం’ కంటే ‘కల’ తర్వాత వస్తుంది, అది పొట్టి మాట అయినా. బిందువుకు ముందున్న సంఖ్య ఒకటే అయితే, నిఘంటువు పద్ధతితో దశాంశాలను సరిగ్గానే పేర్చవచ్చు. ఎంత పెద్దది, ఎంత దూరం అనే ప్రశ్నలకు మాత్రం జవాబు రాదు. అనుమానం తీర్చుకోవడానికి అడిగాను: “పిల్లి కుటుంబానికీ కోతులకూ మధ్య ఎంత దూరం?” పాప పుస్తకాలు లెక్కపెట్టింది. “నాలుగు పుస్తకాలు టీచర్.” వరస వచ్చింది, పరిమాణం రాలేదు.

మీటరు టేపు

పరిమాణానికి కొలత కావాలి. దశాంశాలకు మీటరు కంటే మంచి కొలత నాకు తోచలేదు. 599 నుంచి 600 వరకు ఉన్న దూరాన్ని ఒక మీటరు అనుకుంటే, బిందువు తర్వాత మొదటి అంకె పది సెంటీమీటర్లు, రెండోది సెంటీమీటరు, మూడోది మిల్లీమీటరు. మూడు స్థానాలూ కంటికి కనబడతాయి, వేలితో తాకవచ్చు. సంఖ్యారేఖను బోర్డు మీద గీస్తే మొదటి దశాంశ స్థానం దాటగానే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఆచరణలో మూడు చిక్కులు వచ్చాయి. స్టీలు రాక్‌లో ఒక్కో అర పొడవు మూడు అడుగులే, మీటరుకు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు తక్కువ. అందుకని రెండు బల్లలు కలిపి, వాటి అంచుకు దర్జీ టేపును సున్నా నుంచి వంద వరకు అతికించాను. రెండోది, పుస్తకం మందం. రెండు సెంటీమీటర్ల మందమున్న పుస్తకాన్ని 75.6 దగ్గర నిలబెట్టడం కుదరదు. పుస్తకాలు పక్కన పెట్టి, పాత చార్టుల నుంచి సన్నని అట్టముక్కలు కోసి, ఒక్కో జంతువు పేరు రాసి, బట్టల క్లిప్పులతో పెట్టించాను. మూడోది ఆ క్లిప్పులే. పులి 75.6 సెంటీమీటర్ల దగ్గర, సింహం 75.7 దగ్గర. రెండింటి మధ్య ఒక్క మిల్లీమీటరు. క్లిప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

పాప క్లిప్పులు తీసేసింది. పెన్సిలు చెక్కుకుని వచ్చి, టేపు పక్కన బల్ల మీద రెండు గీతలు గీసింది. మొదటిసారి రెండు గీతలూ కలిసి ఒకే లావుపాటి గీత అయింది. చెరిపి, పెన్సిలు ఇంకా సన్నగా చెక్కి, కళ్ళు బల్లకు ఆనించి మళ్ళీ గీసింది. ఆ తర్వాత కోతుల అట్ట తీసి ఎనభై దగ్గర పెట్టింది. ఏనుగుది అరవై ఏడు దగ్గర పెట్టింది. కాసేపు ఎనభై నుంచి పులి దాకా, పులి నుంచి సింహం దాకా వేలు నడిపింది. అప్పుడు అంది:

“మొదటి అంకె పది సెంటీమీటర్లు లాగుతుంది టీచర్. చివరిది కొంచెమే జరుపుతుంది. చివర ఎన్ని ఉన్నా, మొదటిది లాగినంత దూరం పోలేదు.”

స్థాన విలువ గురించి నేను చెప్పిన ఏ వాక్యమూ దీనికి సరితూగదు. నిర్వచనం మాటలు అప్పుడు ఇచ్చాను: దశాంశాలు (పదో వంతులు), శతాంశాలు (వందో వంతులు), సహస్రాంశాలు (వెయ్యో వంతులు). మొదట ఇచ్చి ఉంటే మూడు కొత్త మాటలుగా మిగిలేవి. పిల్లి కుటుంబానికీ కోతులకూ మధ్య దూరం ఎంతని పాత ప్రశ్న మళ్ళీ అడిగాను. “ఐదు సెంటీమీటర్లు. అంటే... ఐదు శతాంశాలు.”

చదివే తీరు కూడా ఆ రోజే మార్చాను. అప్పటిదాకా తరగతిలో అందరూ ‘పాయింటు ఏడు వందల యాభైఆరు’ అనేవారు. నేనూ తొందరలో అలాగే అనేదాన్ని. ‘ఏడు వందలు’ అని నోరు పలుకుతుంటే ‘ఏడు దశాంశాలు’ అని బుర్ర ఎలా అనుకుంటుంది? ‘పాయింటు ఏడు ఐదు ఆరు’ అనే చదవాలని నాకూ వాళ్ళకూ నియమం పెట్టుకున్నాను.

చరిత్ర అర, సున్నా

నేర్చుకున్నది జంతువులకే అతుక్కుని ఉందో, సంఖ్యలకు చేరిందో చూడాలి. అందుకు చరిత్ర పుస్తకాలు తీశాను. భారతదేశ చరిత్ర 954. ఈ నంబర్లలో ఒక విశేషముంది. కాలాలకు బిందువు తర్వాత సున్నా వస్తుంది: బ్రిటిష్ పాలన 954.03, స్వాతంత్ర్యం తర్వాతి తొలి దశాబ్దాలు 954.04. ప్రాంతాలకు సున్నా రాదు: దక్షిణ భారతం 954.8, ఆంధ్రప్రదేశ్ 954.84.

పాప 954.8, 954.84 లను సరిగ్గా పెట్టింది. 954.03 ను మాత్రం ముప్పై దగ్గర పెట్టింది. ‘ముందున్న సున్నాకు విలువ లేదు’ అని చిన్నప్పుడు పూర్ణ సంఖ్యల్లో నేర్పిన మాట ఇక్కడ అడ్డం వచ్చింది. సున్నాలను ముందు చేర్చిన పాత పేజీ గుర్తొచ్చింది. రెండూ ఒకే వేరు నుంచి వచ్చిన తప్పులు. ఈసారి కుటుంబాల కథ సాయపడదు, కాలాలకూ ప్రాంతాలకూ చుట్టరికం లేదు. టేపే సాయపడింది. “మొదటి అంకె ఎంత లాగింది?” అని మాత్రం అడిగాను. “సున్నా. అసలు లాగలేదు” అని చెప్పి, అట్టను మూడో సెంటీమీటరు దగ్గరికి తెచ్చింది. కాలాలన్నీ మీటరు మొదట్లోనే గుంపుగా చేరడం చూసి, సున్నా ఎందుకు పెట్టారో తనే చెప్పింది: ఏ ప్రాంతమైనా రాకముందే దేశమంతటి చరిత్ర అయిపోవాలని.

తర్వాతి వారం ఒక ప్రశ్న తరగతి మొత్తానికి ఇచ్చాను. పులికీ సింహానికీ మధ్యకు ఒక కొత్త పుస్తకం వస్తే దానికి ఏ నంబరు ఇస్తారు? చాలామంది చోటు లేదన్నారు. 756 తర్వాత 757 కదా. పాప చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బోర్డు మీద 599.7565 అని రాసి, “మిల్లీమీటరును కూడా పది చేస్తే సరి” అంది. బల్ల మీద చూపించమంటే, “గీయలేను టీచర్. పెన్సిలు గీత లావు ఎక్కువ. కానీ ఉంది” అంది.

ఆ రోజు పిల్లలకు ఎస్.ఆర్. రంగనాథన్ గారి గురించి చెప్పాను. గణితం బోధించే ఉద్యోగం నుంచి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా వెళ్ళిన ఆయన, 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రాల్లో చివరిది గ్రంథాలయం పెరిగే జీవి అని. పెరిగే దానికి ఏ రెండింటి మధ్యనైనా చోటు దొరికే సంఖ్యలు కావాలి. పూర్ణ సంఖ్యలతో వరస వేస్తే మధ్యలో కొత్త పుస్తకం వచ్చిన ప్రతిసారీ తర్వాతి నంబర్లన్నీ మార్చాలి. దశాంశం ఎందుకు పుట్టిందనే ప్రశ్నకు లెక్కల పుస్తకంలో ఇంత సూటి జవాబు నేను చదవలేదు.

ఫలితం, మిగిలిపోయినవి

సంక్రాంతి సెలవుల తర్వాత, మధ్యలో ఏ సాధనా లేకుండా, పాపకు మళ్ళీ ప్రశ్నలు ఇచ్చాను. 0.6, 0.35, 0.125 ల వరస ఒప్పు. 4.07, 4.7 ఒప్పు. 0.5, 0.50 ఒకటేనంది. 0.3 కీ 0.4 కీ మధ్య మూడు సంఖ్యలు రాసింది. జవాబు పత్రం అంచున చిన్న బల్ల బొమ్మ, దాని మీద గీతలు ఉన్నాయి. ఆ బొమ్మ చూశాకే నాకు మార్కుల మీద నమ్మకం కుదిరింది.

కూడికలు, తీసివేతలకు ఇది చాలలేదు. 3 నుంచి 1.27 తీసివేయమంటే 2.27 అని రాసింది. మూడులోంచి ఒకటి తీసి, పాయింటు ఇరవై ఏడును అలాగే దించింది. పోల్చేటప్పుడు పోయిన పాత సూత్రం తీసివేతలో ఇంకా బతికే ఉంది. దానికి వేరే పని కావాలి, అది ఇప్పుడు మొదలుపెట్టాను. ఇంకో మాట: చదవడం అలవాటు లేని పిల్లలకు పులి, పిల్లి మలుపు పనిచేయలేదు. పులిది పిల్లి జాతి అని తెలియని వాడికి ఆ వరసలో వింతేమీ కనబడదు. వాళ్ళకు నేరుగా టేపే పనిచేసింది, కాకపోతే ఎక్కువ వారాలు పట్టింది.

క్రికెట్ ఇష్టపడే ఒక పిల్లవాడు టేపు మీద 19.5 ఓవర్లు ఎక్కడ పెట్టాలని అడిగాడు. తప్పించుకోకుండా ఒక పీరియడు దానికే ఇచ్చాను. ఓవరును పది భాగాలు చేయలేదు, ఆరు చేశారు. కాబట్టి ఆ బిందువు ఈ టేపుకు సంబంధించింది కాదు. ‘ఈ బిందువు తర్వాత పదా, ఆరా, ఇంకేదైనానా’ అని అడిగే అలవాటు పిల్లలకు రావడం సంఖ్యలు సరిగ్గా పేర్చడం కంటే పెద్ద లాభమని నాకనిపించింది. పాఠం శీర్షికల్లోని 1.10 ను వాళ్ళే పట్టుకొచ్చారు.

ఈ ఏడాది కొత్త ఏడో తరగతి వచ్చింది. టేపు మొదటి రోజే అతికించవచ్చు కదా, అన్ని వారాలు ఎందుకు అని తోటి ఉపాధ్యాయురాలు అడిగారు. నేను అతికించలేదు. ముందు వాళ్ళ సూత్రం ప్రకారమే సర్దమన్నాను, అందరి చేతా నోటితో కారణం చెప్పించాను, ఎవరు ఏ సూత్రం వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకున్నాను. సూత్రం బయటికి రాకముందే టేపు ఇస్తే, పిల్లలు టేపు చూసి సరిగ్గా పెడతారు, టేపు తీయగానే పాతదానికి పోతారు. సున్నాల చిట్కా దగ్గర జరిగింది అదే. ప్రస్తుతం కోతుల పుస్తకం మళ్ళీ 599.7 పక్కనే ఉంది. ఎనిమిదో తరగతికి వెళ్ళిన పాప పుస్తకం మార్చుకోవడానికి వచ్చినప్పుడు దాన్ని చూసి, చేయి చాపి, నా ముఖం చూసి, తీయకుండా వదిలేసింది.